హెర్నియా ఆపరేషన్: థియేటర్‌లో నన్ను అడిగిన ప్రశ్నలు (నా అనుభవం)

నాకు యాభై రెండేళ్ళు. తెనాలిలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. 2025 జనవరి 30న గుంటూరులో నాకు కుడి గజ్జల్లో హెర్నియా (లోపలి పేగు జారి ఉబ్బుగా కనపడడం) ఆపరేషన్ అయింది. నడుముకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేశారు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా మెలకువగానే ఉన్నాను. థియేటర్‌లో అన్న ప్రతి మాటా నా చెవిన పడింది. కత్తి పెట్టే ముందూ, కుట్లు వేశాకా వాళ్ళు నన్నూ, ఒకళ్ళనొకళ్ళూ అడిగిన ప్రశ్నల కోసమే ఇదంతా రాస్తున్నాను. మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు రేపో మాపో ఆ బల్ల మీద పడుకుంటారు. అక్కడ ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో ముందే తెలిసి వెళితే ఎంతో మేలు. ఆసుపత్రి పేరు మాత్రం రాయను.

మొదటిసారి జనవరి 17న సర్జన్ గారిని కలిశాను. ఫీజు 500. టోకెన్ పదిన్నరకి తీసుకుంటే పిలుపు ఒంటిగంట దాటాక వచ్చింది. నిలబెట్టి దగ్గమన్నారు, చేత్తో చూశారు, స్కాన్ రాశారు. స్కాన్‌కి 1,200. కుడి వైపు హెర్నియా స్పష్టంగా ఉందని, ఎడమ వైపు కూడా చిన్నగా మొదలవుతున్నట్టుందని రిపోర్టులో రాశారు. ఎడమది ఇప్పుడు ముట్టుకోనక్కర్లేదు, ఆరు నెలలకోసారి చూసుకుందాం అన్నారు సర్జన్ గారు. నా మనసులో భయం అక్కడే మొదలైంది. రెండు వైపులా ఉందని కాగితం మీద ఉంది, చేసేది ఒక వైపే. చేసే రోజున ఎవరైనా పొరబడితే? ఈ మాట పైకి అనడానికి మొహమాటం వేసి ఇంటికొచ్చాక మా ఆవిడతో మాత్రం చెప్పాను.

రక్తపరీక్షలు, ఈసీజీ, గుండె ఎకో అన్నీ కలిపి 4,300 అయ్యాయి. అవి చేతికొచ్చాక జనవరి 24న మత్తు డాక్టరు గారి దగ్గరికి పంపారు. ఆవిడ చాలా ఓపికగా మాట్లాడారు. నోరు తెరిపించి చూశారు, మెడ వెనక్కి వంచమన్నారు, కదిలే పళ్ళున్నాయా, కట్టుడు పళ్ళున్నాయా అని అడిగారు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, గురక పెడతారా, బీపీకి ఏ మాత్ర వాడుతున్నారు, ఇంతకు ముందు ఏదైనా ఆపరేషన్ జరిగిందా అన్నారు. ఏ మందైనా పడదా అని అడిగినప్పుడు, మూడేళ్ళ కిందట పంటి నొప్పికి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే రెండో రోజుకల్లా ఒళ్ళంతా దద్దుర్లు లేచి పెదాలు వాచిన సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే ఎర్ర పెన్ను తీసుకుని ఆ కాగితం పైభాగంలో రాసి చుట్టూ గీత గీశారు. బయటికొచ్చాక ఆ సంగతి నేనిక మర్చిపోయాను. చెప్పాను, రాశారు, అయిపోయింది అనుకున్నాను.

ఆ రాత్రి మా మేనకోడలు ఫోన్ చేసింది. తను హైదరాబాద్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సు. "మామయ్యా, అక్కడ మీ పేరేంటి, ఏ ఆపరేషన్, ఏ వైపు అని ఎంతమంది అడిగినా విసుక్కోకండి. మీ నోటితో మీరే చెప్పండి. అత్తయ్యని చెప్పనివ్వకండి. వాళ్ళు చెప్పినదానికి ఊరికే తలూపకండి" అంది. ఆ చివరి మాట మీకు కూడా చెప్తున్నాను. "మీరు ఫలానా ఆయనే కదా?" అని అడిగితే భయంలో ఎవరైనా అవునంటారు. పూర్తి పేరు, వయసు, చేయబోయే ఆపరేషన్, ఏ వైపు అన్నవి మనంతట మనమే చెప్పాలి.

జనవరి 29 సాయంత్రం ఐదింటికి చేరాను. కుడి చేతికి పేరు, నంబరు ఉన్న పట్టీ కట్టారు. ఒప్పుకోలు కాగితం ఇంగ్లీషులో ఇచ్చారు. తెలుగుది కావాలని అడిగితే అరగంటలో తెచ్చారు. దాని మీద 'కుడి వైపు' అని చేత్తో రాసి ఉందో లేదో చూసుకుని సంతకం పెట్టాను. అడిగితేనే ఇచ్చారు కాబట్టి మీరూ అడగండి.

రాత్రి పదిన్నర దాటాక వార్డు సిస్టర్ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. అప్పటికి నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. పది గంటల తర్వాత ఏమైనా తిన్నారా, కట్టుడు పళ్ళున్నాయా అని రెండు ప్రశ్నలు అడిగి, మిగిలినవాటికి గబగబా టిక్కులు పెట్టుకుని, బీపీ చూసి వెళ్ళిపోయింది. పాపం ఆ అమ్మాయి ఒక్కతే ఆ అంతస్తంతా చూసుకుంటోంది. పక్క గదిలో ఎవరికో సెలైన్ అయిపోయి బెల్లు మోగుతూనే ఉంది. ఈ కాగితం సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. తెల్లవారుజామున ఆరింటికి గుక్కెడు నీళ్ళతో బీపీ మాత్ర వేసుకోమన్నారు. ఆ తర్వాత నీళ్ళు కూడా లేవు. థియేటర్ బాయ్ వచ్చి మెషిన్‌తో వెంట్రుకలు తీశాడు. మొలతాడు తీసేయాలన్నాడు. ఈ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. మా ఆవిడ మొహం మాడిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఉన్నది, ఈ రోజే తీయాలా అని. కోయాల్సిన చోటు మీదే ఉంటుంది, శుభ్రం చేయడానికి అడ్డమని చెబితే తనే మెల్లగా విప్పి పర్సులో పెట్టుకుంది. ఉంగరం, వాచీ కూడా తనకే ఇచ్చేశాను. ఇలాంటివి ఇంటి దగ్గరే తీసి వెళితే ఆ పూట మనసు అంత కష్టపడదు.

ఏడున్నరకి సర్జన్ గారు స్వయంగా వచ్చారు. ఏ వైపు అని అడిగారు. కుడి వైపని చెప్పాను. లేచి నిలబడి దగ్గమన్నారు. ఉబ్బు కనపడగానే నల్ల మార్కర్‌తో దాని పైన బాణం గుర్తు వేశారు. నేను ధైర్యం చేసి ఎడమ వైపు గురించి నా భయం చెప్పేశాను. ఆయన నవ్వలేదు. "మీ భయంలో తప్పేం లేదండీ. పడుకోగానే హెర్నియా లోపలికి వెళ్ళిపోతుంది. బల్ల మీద చూస్తే రెండు వైపులా ఒకేలా ఉంటాయి. అందుకే మీరు నిలబడి ఉండగా, మెలకువలో ఉండగా గుర్తు పెడుతున్నాను" అన్నారు. నాకు ఇది అస్సలు తట్టని విషయం. ఆ బాణం చెరిగిపోకుండా చూసుకోమన్నారు. బెటాడిన్ పూసినా కనపడే ఇంకు అట అది.

ఎనిమిది నలభైకి థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. తలుపు దగ్గర ఒక సిస్టర్ పేరు అడిగి చేతి పట్టీతో పోల్చుకుంది. లోపల విపరీతమైన చలి. బల్ల మీద పడుకోబెట్టి వేలికి క్లిప్పు పెట్టారు. టిక్ టిక్ మని శబ్దం మొదలైంది. మత్తు డాక్టరు గారు, ఆ రోజు కలిసిన ఆవిడే, నా తల దగ్గరికి వచ్చి మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టారు. పేరు? ఏ ఆపరేషన్? ఏ వైపు? కాగితం మీద సంతకం మీదేనా? ఒక సిస్టర్ పక్కన అట్ట పట్టుకుని నిలబడి ఒక్కో ప్రశ్నా చదువుతోంది, జవాబు వినపడ్డాకే రాసుకుంటోంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో గుండె జారింది. పరీక్ష చేసిన డాక్టరే నన్ను పేరు అడుగుతోందేమిటి, నేనెవరో వీళ్ళకి తెలీదా అనిపించింది.

తర్వాతి ప్రశ్న, "ఏ మందైనా పడదా?"

అమాక్సిసిలిన్ అని చెప్పాను. చదువుతున్న సిస్టర్ ఆగిపోయింది. "ఇక్కడ ఏమీ లేదని ఉంది మేడమ్" అంది. రాత్రి వార్డులో టిక్కులు పెట్టిన కాగితం అది. డాక్టరమ్మ ఫైలు తీసుకుని వెనక్కి తిప్పారు. తను ఎర్ర పెన్నుతో రాసిన కాగితం నాలుగు పేజీల కింద ఉంది. ట్రేలో అప్పటికే నాకు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ సిద్ధంగా ఉంది. అది అమాక్సిసిలిన్ కాదు కానీ దానికి దగ్గరి చుట్టమట. ఆవిడ దాన్ని పక్కన పెట్టించి సర్జన్ గారిని పిలిచారు. ఇద్దరూ నా ముందే మాట్లాడుకున్నారు. చాలామందికి ఏమీ కాదనీ, కానీ పెదాలు వాచిన మనిషికి తెలిసి తెలిసి ఇవ్వడం ఎందుకనీ, వేరే రకం తెప్పిద్దామనీ అనుకున్నారు. నడుముకి ఇంజెక్షన్ ఇవ్వడం కూడా మందు వచ్చేదాకా ఆపేశారు.

ఆ మందు థియేటర్‌లో లేదు. కింద ఫార్మసీ నుంచి రావాలి. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. చలిలో పైకప్పు చూస్తూ పడుకున్నాను. డాక్టరమ్మ ఒక దుప్పటి కప్పించి, అక్కడే నిలబడి, ఏం జరుగుతోందో చెబుతూనే ఉన్నారు. దానివల్ల నాకు ధైర్యంగానే ఉంది. బయట మా ఆవిడ పరిస్థితి మాత్రం వేరు. "అర్జెంటుగా ఈ మందు తీసుకురండమ్మా" అని చీటీ చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారట. ఆపరేషన్ మొదలైంది, ఏదో అయింది అనుకుని, మెట్ల మీద ఏడ్చుకుంటూ దిగిందట. చీటీ ఇచ్చేటప్పుడు "ఇంకా మొదలుపెట్టలేదమ్మా, ఆయనకి పడని మందు బదులు ఇది" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. బయట కూర్చునేవాళ్ళు చీటీ తెచ్చిన మనిషిని ఆపి, ఎందుకని అడిగే హక్కు ఉందని గుర్తుపెట్టుకోండి.

మందు సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించారు. ఆ తర్వాత కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా వంచి, నడుములో ఇంజెక్షన్. చీమ కుట్టినట్టు ఒక పోటు, తర్వాత కాళ్ళలోకి వెచ్చగా పాకింది. కాసేపటికి కాళ్ళు నావి కావన్నట్టు బరువెక్కాయి. స్పిరిట్ దూది పొట్ట మీద అద్దుతూ చల్లగా ఉందా, లేదా అని అడిగి చూసుకున్నారు. ఛాతీకి అడ్డంగా పచ్చ గుడ్డ తెర కట్టారు.

ఇక కోస్తారనుకుని కళ్ళు మూసుకున్నాను. కోయలేదు. అట్ట పట్టుకున్న సిస్టర్ "టైమ్ అవుట్" అంది. అందరూ చేతిలో పని ఆపేశారు. పైన మోగుతున్న పాటలు కూడా ఆపేశారు. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తాము అక్కడ ఏం చేస్తున్నారో చెప్పారు. కొత్తగా చేరినట్టుంది, ఒక అబ్బాయి గొంతు వణుకుతూ చెప్పాడు. సర్జన్ గారు నా పేరు చెప్పి, కుడి వైపు హెర్నియా, మెష్ (మళ్ళీ జారకుండా లోపల పెట్టే వల లాంటి ముక్క) వేస్తున్నాం, గంట పడుతుంది, రక్తం పెద్దగా పోదు అన్నారు. "బాణం గుర్తు కనపడుతోందా?" అని సిస్టర్ అడిగింది. కనపడుతోందన్నారు. స్కాన్ రిపోర్టు తెరిచి ఉందా? ఉంది. యాంటీబయాటిక్ ఇచ్చి గంట లోపే అయిందా? అయింది, మందు మార్చాం, అమాక్సిసిలిన్ పడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. పరికరాలన్నీ స్టెరిలైజ్ అయ్యాయి, మెష్ సైజు సరిపోయింది అని ఇంకో సిస్టర్ చెప్పింది. మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కుడి, ఎడమ అని పదిహేను రోజులుగా మనసులో పెట్టుకున్న భయం ఆ రెండు నిమిషాల్లో పోయింది. నేనూ విన్నాను, వాళ్ళంతా విన్నారు. ఇక ఎవరు పొరబడతారు?

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లాగినట్టు, నొక్కినట్టు తెలిసింది తప్ప నొప్పి లేదు. ఏదో కాలిన వాసన వచ్చింది. మధ్యలో ఒళ్ళు వణికింది, వెచ్చని గాలి గొట్టం పెట్టారు.

కుట్లు వేసే ముందు లెక్క మొదలైంది. ఒక సిస్టర్ గాజుగుడ్డలు ఒక్కొక్కటీ విడదీసి చూపిస్తూ పైకి లెక్కపెడితే, ఇంకో సిస్టర్ బోర్డు మీద మొదట రాసుకున్న అంకెతో సరిచూసింది. తర్వాత సూదులు, తర్వాత పరికరాలు. మా మిల్లులో బస్తాలు లారీ ఎక్కేటప్పుడు ఇటు ఒకడు, అటు ఒకడు లెక్క రాసుకుని చివర్న రెండూ కలిస్తేనే లారీ కదలనిస్తాం. అదే పద్ధతి. లెక్క సరిపోయిందన్నాకే సర్జన్ గారు కుట్లు వేయడం మొదలుపెట్టారు. నన్ను బల్ల మీద నుంచి దించే ముందు మళ్ళీ చదివారు. ఏ ఆపరేషన్ అయింది, లెక్క సరిపోయిందా, పరికరాల్లో ఏదైనా ఇబ్బంది వచ్చిందా, వార్డులో ఏం జాగ్రత్త తీసుకోవాలి. చివరి ప్రశ్నకి డాక్టరమ్మ, "పడని మందు సంగతి చేతి పట్టీ మీద రాయండి, ఇప్పుడే" అన్నారు. ఎర్ర పట్టీ కట్టించుకునే బయటికి వచ్చాను.

ఆ రోజు మిగతా కష్టం ఆపరేషన్‌ది కాదు, మూత్రానిది. నడుము ఇంజెక్షన్ తర్వాత కొందరికి వెంటనే రాదట. సాయంత్రం ఆరింటికి కూడా రాకపోతే గొట్టం వేస్తామన్నారు. మా ఆవిడ, బాయ్ చెరో వైపు పట్టుకుని బాత్‌రూమ్‌లోకి నడిపించి కుళాయి తిప్పి వదిలారు. ఆరుంపావుకి గండం గడిచింది. నొప్పి ఆ రాత్రే మొదలైంది. దగ్గితే ప్రాణం పోయినంత పని. దిండు గట్టిగా అదుముకుని దగ్గమని సిస్టర్ చెప్పింది. బాగా పని చేసింది.

మర్నాడు మేనకోడలికి ఫోన్‌లో అంతా చెప్పాను. ఆ అట్ట మీద ఉన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన జాబితా అనీ, మొత్తం 19 అంశాలనీ, మత్తుకి ముందు, కోతకి ముందు, థియేటర్ దాటే ముందు మూడుసార్లు ఆగి చదవాలనీ చెప్పింది. 2009లో వచ్చిన అధ్యయనంలో ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో, ఒక్కో ఆసుపత్రిలో దీన్ని పెట్టి చూశారట. పెద్ద ఇబ్బందులు నూటికి 11 నుంచి 7కి తగ్గాయి, చావులు 1.5 నుంచి 0.8కి. "మరి అన్ని చోట్లా ఇంతేనా?" అన్నాను. "లేదు మామయ్యా. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో పెట్టారు. 2014లో లెక్క చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎందుకు రాలేదని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మా థియేటర్‌లో నేను చూసిందైతే ఒకటే. కాగితం నింపడం సులువు. అందరూ పని ఆపి వినడం కష్టం" అంది. వార్డులో రాత్రి జరిగిందీ, థియేటర్‌లో పొద్దున జరిగిందీ రెండూ చూసినవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. ఒకే ప్రశ్న రెండు కాగితాల మీద ఉంది. ఒకచోట టిక్కు పెట్టారు, ఇంకోచోట అడిగారు.

జనవరి 31 పొద్దున తొమ్మిదిన్నరకి ఇంటికి వెళ్ళొచ్చన్నారు. ఇన్సూరెన్స్ ఆమోదం సాయంత్రం నాలుగు దాటాక వచ్చింది. అంతసేపూ మంచం మీదే. బిల్లు మొత్తం 61,400. అందులో మెష్‌కే 9,000. గ్లవ్స్, గౌన్లు లాంటివి ఇన్సూరెన్స్‌లో రావని 6,800 మా చేత కట్టించుకున్నారు. ఎదురుచూసే ఆ సమయంలో నర్సింగ్ ఇన్‌చార్జి గారిని పిలిచి రాత్రి కాగితం సంగతి చెప్పాను. ఆ అమ్మాయిని ఏమీ అనొద్దని ముందే చెప్పి మొదలుపెట్టాను. రాత్రి అంతమందికి ఒక్కతే ఉంటే ఎవరైనా అంతే చేస్తారు. ఆవిడ కొంచెం తటపటాయించి, రాసి ఇవ్వమన్నారు. తెలుగులో ఒక పేజీ రాశాను. పడని మందు అనే ప్రశ్నకి టిక్కు కాకుండా రోగి చెప్పిన మాటనే రాయాలనీ, మత్తు డాక్టరు కాగితం ఫైలులో అన్నిటికంటే పైన ఉండాలనీ, లోపల ఆలస్యమైతే బయట ఉన్నవాళ్ళకి ఒకరు వచ్చి చెప్పాలనీ అడిగాను. తీసుకున్నట్టు నకలు మీద స్టాంపు వేయించుకున్నాను.

కేస్‌షీట్ నకళ్ళు కూడా అడిగాను. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉందని మేనకోడలు చెప్పింది. కౌంటర్‌లో మొదట కుదరదన్నారు, ఆ మాట చెప్పాక 300 తీసుకుని మూడో రోజున ఇచ్చారు. అందులో మెష్ స్టిక్కర్ ఉన్న పేజీ జాగ్రత్తగా దాచుకోండి. కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటాయి. ముందు ముందు ఎప్పుడైనా అవసరపడొచ్చు.

ఫిబ్రవరి 7న చూపించుకోవడానికి వెళ్ళాను. గాయం బాగా మానింది. స్కూటర్ నడపడానికి ఇంకో వారం ఆగమన్నారు, బరువులు మాత్రం ఆరు వారాల దాకా ఎత్తొద్దన్నారు. నా ఉత్తరం గురించి ఇన్‌చార్జి గారిని అడిగితే, ఈ నెల మీటింగులో పెడుతున్నామన్నారు. ఎడమ వైపు జూలైలో చూస్తారట. అప్పుడు ఆ వార్డు కాగితం కొత్తది ఇమ్మని అడిగి చూస్తాను. మారినా, మారకపోయినా ఇక్కడే రాస్తాను.